ఎర్కే సార్!

పదిహేడేళ్ళు వచ్చేనాటికే స్పందనకు లోకంలో తెలియని సంగతంటూ మిగల్లేదు. కనీసం ఆమె ఉద్దేశం అది. ఎవరేం చెప్పబోయినా సరే, సగం మాట బయటికి వచ్చిందో లేదో "ఎర్కే" అనేసేది. నాయనమ్మ కొమురమ్మ "బిడ్డా, అన్నం..." అనగానే "ఎర్కే, సల్లగైతది" అనేది. తండ్రి రామచంద్రం "రేపు బందు..." అనగానే "ఎర్కే, బస్సులుండయి" అనేది. ఇంట్లో ఇది చెల్లిపోయింది. ఇంట్లోవాళ్ళు చెప్పేవి చాలావరకు ఆమెకు నిజంగానే తెలుసు మరి.

చిక్కంతా మన్సూరాబాద్‌లో వాళ్ళ కాలనీ గ్రౌండులో వచ్చింది.

స్పందన కబడ్డీ ఆడుతుంది. ఆడుతుందంటే ఏదో తోచక ఆడేది కాదు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆడపిల్లల టీముల్లో ఆమెను మించిన రైడర్ లేదని పడనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. గీత దాటి అవతలి కోర్టులోకి పోయి, కుడికాలు ఒక్క విసురు విసిరి, ఎవరో ఒకరిని తాకి, వాళ్ళు తేరుకునేలోపు మళ్ళీ గీత మీదికి వచ్చేసేది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ కాలు చూడముచ్చటైన కాలు. అయినా పోయిన సంవత్సరం జిల్లా జూనియర్స్ సెలక్షన్‌లో ఆమెను తీసుకోలేదు. ఆరుసార్లు రైడ్‌కు పోతే నాలుగుసార్లు ఆ కుడికాలే పట్టి కూలేశారు. "వాళ్ళ లక్కు, అంతే" అని స్పందన తీర్పు చెప్పేసింది.

ఇప్పుడు 2011. వయసు ప్రకారం జూనియర్స్‌లో ఇదే ఆఖరు అవకాశం. రామచంద్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాడు. పొద్దంతా పోచంపల్లి చీరలు విప్పి చూపించడం, వద్దన్నవాటిని నవ్వుతూ మళ్ళీ మడతపెట్టడం ఆయన పని. అంత ఓపిక గల మనిషి కూడా ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్పేశాడు.

"ఈసారి జిల్లా టీంల నీ పేరొస్తే ఆడు బిడ్డా, నేనే స్పోర్ట్స్ హాస్టల్‌ల జేర్పిస్త. రాకుంటే ఆ మోకాలు పట్టీలు సజ్జ మీద పెట్టి బుద్ధిగ డిగ్రీ సదువుకో. ఇగ గ్రౌండు మాట ఎత్తద్దు."

దానికి మాత్రం స్పందన నోట "ఎర్కే" రాలేదు. కబడ్డీ లేకపోతే పొద్దున ఐదింటికి ఎందుకు లేవాలో ఆమెకు నిజంగా తెలియదు.

గ్రౌండులో కోచ్ విశ్వేశ్వరరావు. తెనాలి వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా చైతన్యపురిలో కిరాయింట్లో ఉంటూ ఒక ప్రైవేటు బళ్ళో ఆటల మాస్టారుగా చేస్తున్నాడు. పొద్దునా సాయంత్రం ఈ పిల్లలకు ఊరికే కబడ్డీ నేర్పుతాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొట్టి కాదు. ఆయన అరిస్తే గోడ అవతల చాయ్ బండి నడిపే అరుణమ్మ గ్లాసులు కడగడం ఆపి వినాల్సిందే. రోజూ గ్రౌండు ఊడ్చే ముత్తమ్మ అయితే ఆయన అరుపుల మధ్యే చీపురు తిప్పేది.

స్పందన రైడ్ చేసి వచ్చిన ప్రతిసారీ ఆయన ఒకే మాట మొదలుపెట్టేవాడు.

"చూడమ్మా స్పందనా, ఆ జడ..."

"ఎర్కే సార్!" అనేది స్పందన. అప్పటికే ఆమె వరుసలోకి పరుగెత్తుతూ ఉండేది.

మిగతా సగాన్ని ఆయన ఆమె వీపుకు చెప్పేవాడు. గట్టిగా, గ్రౌండంతా దద్దరిల్లేలా చెప్పేవాడు. అందరూ విన్నారు, ఆమె తప్ప. ఆ సమయంలో ఆమె మనసులో సార్‌కు ఇవ్వాల్సిన జవాబు తయారవుతూ ఉండేది. ఆ మిగతా సగం ఏమిటంటారా? స్పందనకే తెలియనిది మనకు మాత్రం ముందే ఎందుకు, ఆగుదాం.

సార్‌కు తన జడంటే కడుపుమంట అని ఆమె నమ్మకం. జడ మరి అట్లాంటిది, నడుము దాటి ఉంటుంది. కొమురమ్మ ప్రతి ఆదివారం కుంకుడుకాయ రసంతో తలంటి "మా ఇంటి మొత్తంల గింత జడ ఎవ్వలకు లేదు" అని మురిసిపోతుంది. సార్ తలేమో ముందువైపు నున్నగా మెరుస్తుంటుంది. "ఆయనకు లేవని నా ఎంట్కల మీద పడ్డడు" అని స్పందన స్నేహితురాళ్ళతో అనేది. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు కదా, ఇంకో సాకు కూడా చేతికందింది. "ఆంధ్రా సార్ గదనే, మనలల్ల తప్పులే కనవడ్తయి." అదే టీంలో ఉన్న గుంటూరు పిల్ల లలితకుమారిని సార్ రోజూ దీనికి రెండింతలు చీవాట్లు పెట్టేవాడు. ఆ సంగతి స్పందనకు గుర్తుకొచ్చేది కాదు.

ఒకరోజు ఆమె ఈ గొడవకు ముగింపు పలకాలనుకుంది. జడంతా చుట్టి కొప్పు పెట్టి, డజను పిన్నులు గుచ్చుకుని వచ్చి సార్ ముందు నిలబడింది.

"ఇప్పుడు సరేనా సార్?"

విశ్వేశ్వరరావు ముఖం వెలిగింది. "ముడి వేశావు, బావుందమ్మా. కాకపోతే అసలు సంగతి..."

"ఎర్కే సార్!"

ఆయన పోయి అరుగు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట పట్టి కాదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, సెలక్షన్లు సమ్మె అయినాకే అన్నారు. ఊరంతా పరేషాన్‌లో ఉంటే స్పందనకు మాత్రం నెల రోజులు అదనంగా దొరికినట్టయింది. ఆ నెల రోజులూ ఆమె చేసిన తప్పునే మరింత శ్రద్ధగా చేసింది.

అక్టోబరులో ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో పెట్టారు. విజయవాడ వైపు పోయే లారీలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలిగించి వంటా వార్పూ మొదలుపెట్టారు. ఒక పక్క డప్పులు, ఒక పక్క పాటలు. ఇంకో పక్క రెండు ట్రాక్టర్ల ఇసుక పోసి పరిచి, ముగ్గుపిండితో గీతలు గీసి కబడ్డీ కోర్టు తయారుచేశారు. గ్రౌండు పిల్లల టీం ఒకటి, అమ్మల టీం ఒకటి. అమ్మల టీంలో చీర కాసె పోసుకుని, కొంగు నడుముకు చెక్కుకుని అందరికంటే ముందు నిలబడింది ముత్తమ్మ. రెండో మూలన అరుణమ్మ.

ఆట తీర్పు చెప్పడానికి మనిషి కావాల్సి వచ్చింది. రూల్స్ తెలిసినవాడు చుట్టుపక్కల విశ్వేశ్వరరావు ఒక్కడే. సమ్మె కమిటీవాళ్ళు చైతన్యపురి పోయి అడిగితే ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను రావచ్చంటారా?" అన్నాడు.

"గదేం మాట సార్! మా పిల్లలకు ఆట నేర్పినోళ్ళు, మీరు మా మనిషే. ఏం ఫికర్ జేయకుండ్రి."

"నినాదాలైతే ఇవ్వలేనండి. ఈల వేస్తాను." ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు.

మొదటి రైడ్ స్పందనదే. ముత్తమ్మకు యాభై దాటాయి. పాపం పెద్దవాళ్ళు, కాలు గట్టిగా తగిలితే దవాఖానకు మోసుకుపోవాలి అని స్పందన జాలిపడింది. నవ్వుకుంటూ "కబడ్డీ కబడ్డీ" అని పోయింది. అటు ఇటు ఊగింది. కుడికాలు మెల్లగా విసిరింది.

ఆ కాలు గాల్లో ఉండగానే మడమ దగ్గర రెండు చేతులు పడ్డాయి. చీపురు పట్టిన చేతులు, అవి పట్టాక వదిలేవి కావు. స్పందన నోట్లోకి పిడికెడు ఇసుక పోయింది. జనం కేకలు పెట్టారు, డప్పులు గట్టిగా మోగాయి. విశ్వేశ్వరరావు ఈల ఊది "అవుట్" అన్నాడు.

జాలిపడ్డందుకు తగిన శాస్తి జరిగిందనుకుంది స్పందన. రెండోసారి జాలి పక్కనపెట్టి పోయింది. కాలు మెరుపులా విసిరింది. ముత్తమ్మ మళ్ళీ అక్కడే ఉంది. మళ్ళీ ఇసుక.

మూడోసారి ముత్తమ్మను వదిలేసి రెండో మూలన ఉన్న అరుణమ్మ మీదికి పోయింది. ఈసారి ఇంకా దారుణం. కాలు లేవకముందే అరుణమ్మ "ఆఁ, ఒస్తుంది, ఒస్తుంది!" అని అరిచి, వంగి మరీ సిద్ధంగా ఉంది. కాలు సరిగ్గా పోయి ఆమె ఒళ్ళో పడింది. అమ్మల టీం మొత్తం వచ్చి మీద పడింది.

జిల్లాకు పోవాల్సిన రైడర్‌ను చాయ్ బండి ఆమె పట్టేసింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. డివైడర్ మీద కూర్చున్న కొమురమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అది చూశాక స్పందనకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఇసుక ఉమ్మి, సార్ వైపు వేలు చూపించింది.

"మీరే ఆళ్ళకు జెప్పిండ్రు సార్! నేనెట్ల ఆడ్తనో మొత్తం జెప్పిండ్రు. నేను ఓడిపోవాల్నని మీకెప్పుడూ ఉంటది. మీరు ఆంధ్రోళ్ళు గదా!"

డప్పులు ఆగిపోయాయి. ఆ మాట ఆ చౌరస్తాలో, ఆ రోజున, వెయ్యిమంది మధ్యలో అనాల్సిన మాట కాదు. అన్నాక ఆమెకూ తెలిసింది. విశ్వేశ్వరరావు నోట్లోంచి ఈల జారి తాడుకు వేలాడింది. ఇంటికి పోదామా అన్నట్టు చైతన్యపురి వైపు ఒకసారి చూశాడు.

ముత్తమ్మ చేతులకంటిన ఇసుక దులుపుకుని ముందుకొచ్చింది.

"సారు మాకేం జెప్పలే బిడ్డా. నీకే జెప్పిండు. రెండేండ్ల సంది దినాం నీకే జెప్తుండు. నువ్వు ఇనలే, నేను ఇన్న."

"ఏం ఇన్నవు?"

ముత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, ఛాతీ ముందుకు పెట్టి, అచ్చం సార్ గొంతుతో, తెనాలి యాసతో మొదలుపెట్టింది. "చూడమ్మా స్పందనా, ఆ జడ మీదకి చెయ్యి వెళ్ళిందంటే తర్వాత కుడికాలు లేస్తుందని చిన్నపిల్లక్కూడా తెలిసిపోతుందమ్మా! నేననేది జడ గురించి కాదు, చెయ్యి! ముందు ఆ చెయ్యి మానెయ్!"

అరుణమ్మ అందుకుంది. "నేను గూడ దినాం ఇంటున్న. గోడ అవతలికి గూడ మంచిగ ఇనవడ్తది."

జనం మళ్ళీ విరగబడి నవ్వారు. ఈసారి ఆ నవ్వులో విశ్వేశ్వరరావు గొంతు కూడా ఉంది. ముత్తమ్మ అంత బాగా తన యాస పట్టిందని ఆయనకు ఇంతకాలం తెలియదు.

స్పందన నవ్వలేదు. తన కుడిచెయ్యి ఎక్కడుందో చూసుకుంది. మెడ వెనక, కొప్పు కింద, లేని జడను సర్దుతోంది. పోయిన ఏడాది సెలక్షన్‌లో పట్టుబడ్డ నాలుగు రైడ్లూ కళ్ళముందు తిరిగాయి. ప్రతిసారీ ఆ చెయ్యి అక్కడికే పోయింది. లక్కూ లేదు, కడుపుమంటా లేదు, ఆంధ్రా తెలంగాణా లేదు. ఒక మాట పూర్తిగా వినడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త సమయం ఆమె రెండేళ్ళపాటు ఇవ్వలేదు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నిలబడ్డచోటే ఏడ్చేసింది.

మర్నాడు అందరికంటే ముందు గ్రౌండుకు పోయింది. ముత్తమ్మ ఊడుస్తోంది. సార్ అరుగు మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నాడు.

"నిన్న గట్ల అన్న సార్. తప్పయింది. గా మాట మీరు మనసుల పెట్టుకోకుండ్రి."

"సర్లేమ్మా. ఇసక నోట్లో ఉన్నప్పుడు ఎవరైనా ఏదో ఒకటి అంటారు."

"ఇప్పుడు జెప్పుండ్రి సార్."

విశ్వేశ్వరరావు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా స్పందనా, ఆ జడ..." అని అలవాటు ప్రకారం ఆగాడు. అక్కడ "ఎర్కే సార్" రావాలి. రాలేదు. స్పందన చేతులు కట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది. తర్వాత మాట ఎదురుగా ఉన్న మనిషికి మామూలు గొంతుతో చెప్పడం ఆయనకు ఎప్పుడూ అవసరం పడలేదు. కాస్త కంగారుపడ్డాడు.

"జెప్పు సారూ, ఇంటున్నది!" అని దూరం నుంచి అరిచింది ముత్తమ్మ.

చెప్పాడు. స్పందన మొత్తం విన్నది. విని, తనకు తెలియకుండానే తనను తాను ఇరికించుకునే మాట అడిగింది. "ఇంకేం తప్పులున్నయి సార్ నా ఆటల?"

విశ్వేశ్వరరావు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. రెండు వైపులా రాసి ఉంది. ఇన్నా అనుకుంది స్పందన. అయినా కూర్చుని చివరిదాకా విన్నది. మధ్యలో రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చిన "ఎర్కే"ను మింగింది.

ముత్తమ్మకు ఇదంతా చూస్తే హుషారొచ్చింది. చీపురు భుజాన పెట్టుకుని దగ్గరికొచ్చింది. "సారూ, నీదాంట్ల గూడ ఓ తప్పున్నది. జడ అని షురూ జేస్తవేంది? చెయ్యి అని షురూ జెయ్యి. ఆడివిల్లకు జడ మాటెత్తితె కోపం రాదా?"

"తెలు..." అనబోయి విశ్వేశ్వరరావు నాలుక కరుచుకున్నాడు. స్పందన తల వంచుకుని నవ్వు ఆపుకుంది. ఆయన "నిజమే ముత్తమ్మా. నాకు తట్టలేదు" అన్నాడు.

తప్పు తెలిసినంత తేలిగ్గా చెయ్యి మాట వినలేదు. మొదటి రోజు రైడ్‌కు పోయిన ప్రతిసారీ అది మెడ వెనక్కి పోయింది. పోయిన ప్రతిసారీ ముత్తమ్మ చీపురు కట్టతో నేల మీద కొట్టి "చెయ్యి!" అని అరిచేది. లలితకుమారి కూడా గొంతు కలిపేది. ఆఖరికి ఇంట్లో అన్నం తింటూ స్పందన జడ సర్దుకున్నా కొమురమ్మ "చెయ్యి!" అనడం మొదలుపెట్టింది. మూడు వారాలకు ఆ చెయ్యి దారికొచ్చింది.

అప్పుడు ఒకరోజు స్పందన ముత్తమ్మను అడిగింది. "పెద్దమ్మా, నా చెయ్యి జడ మీదికి పోంగనే నువ్వు యాడ చూస్తుంటివి?"

"నీ కుడికాలు దిక్కే. ఇంకేడ జూస్త?"

స్పందన సార్ దగ్గరికి పరుగెత్తింది. "సార్, ఒక్కసారి కావాల్నని పెట్టొచ్చా?"

విశ్వేశ్వరరావు ఒక వేలు ఎత్తి చూపించాడు. "ఒక్కసారే. రెండోసారి పెట్టావంటే మళ్ళీ పాత అలవాటే" అన్నాడు. ఆమె ఆ రెండు వాక్యాలూ అయ్యేదాకా ఆగి తలూపింది.

సమ్మె ముగిసింది. నవంబరులో సరూర్‌నగర్‌లో సెలక్షన్లు పెట్టారు. అవతలి టీంలో ఇద్దరు పోయిన ఏడాది వాళ్ళే, స్పందన చెయ్యి సంగతి బాగా తెలిసినవాళ్ళు. ఆమె మొదటి ఆరు రైడ్లలో చెయ్యి కదల్లేదు. వాళ్ళు తికమకపడ్డారు. ఒకసారి పట్టుబడింది కూడా, అది న్యాయమైన పట్టు. ఏడో రైడ్‌లో స్పందన తీరిగ్గా చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చింది. అవతల ఇద్దరూ ఒక్కసారిగా కుడికాలు మీదికి దూకారు. కాలు అక్కడ లేదు. ఎడమచేత్తో ఇద్దరి భుజాలూ తాకేసి ఆమె గీత మీదికి వచ్చేసింది. మళ్ళీ ఆ చెయ్యి ఎత్తలేదు.

సాయంత్రానికి పన్నెండు పేర్లు చదివారు. ఎనిమిదో పేరు ఆమెది. గ్యాలరీలో కూర్చున్న రామచంద్రం లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, మెడలో తువ్వాలు తీసి మడతపెట్టాడు.

స్పందన సార్ కోసం వెతికింది. లోపల లేడు. ఆట చూసే ధైర్యం లేక గేటు బయట చాయ్ తాగుతూ నిలబడ్డాడు. అది ఎన్నో చాయో ఆయనకే తెలియాలి. ఆమె రొప్పుతూ పోయి ఆయన ముందు ఆగింది.

"సార్, నా పేరు..."

విశ్వేశ్వరరావు ఆమె వైపు చూడనైనా చూడలేదు. గ్లాసులోకి ఊదుకుంటూ, ఇరవై ఏళ్ళలో ఏనాడూ ఆయన నోట రాని మాట, అచ్చం ఆమె లాగానే అన్నాడు.

"ఎర్కేలే అమ్మా!"

స్పందన నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. మిగతా సగం మాట నోట్లోనే ఉంది. కోర్టు దగ్గర నుంచి ఇక్కడిదాకా మనసులో కూర్చుకుంటూ వచ్చిన మాట. దాన్ని మింగలేదు, చెప్పలేదు. ఇట్లా ఉంటుందా అనుకుంది. రెండేళ్ళు రోజూ ఈయనకు ఇట్లాగే ఉండేదా అనుకుంది. కళ్ళు చెమర్చాయి.

"మీరు సగమే ఇన్నరు సార్" అంది.

విశ్వేశ్వరరావు ఊదడం ఆపేశాడు. గ్లాసు బండి మీద పెట్టి, ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "చెప్పమ్మా. మొత్తం వింటాను."

"నా పేరొచ్చింది సార్. మీ మాట ఇనుంటే పోయినసారే ఒస్తుండె."

ఆయన చివరిదాకా విన్నాడు. ఈసారి ఎర్కే అనలేదు.